పాత రెక్కలు - కొత్త కన్నులు

భీమవరమునుండి హైదరాబాదునకు పటముపై సూటిగా నొక గీత గీసినచో, అది కోదాడ, సూర్యాపేటల మీదుగ పోవును. కృష్ణాతీరమునకును రాజధానికిని నడుమ తిరుగు చిన్న విమానములును, హెలికాప్టరులును మన జాతీయరహదారిపై నాకాశముననే సంచరించుచున్నవి. మిర్యాలగూడకు నైరృతిదిక్కున నాగార్జునసాగరము చెంత చిన్న విమానరంగ మొకటి కలదు. అయినను మన పఠనాలయములలో విమానముల ప్రస్తావన వచ్చినప్పుడు, అది ధనవంతుల వినోదమనియు, సామాన్యుల కందులో పని లేదనియు సాధారణముగ వినవచ్చుచుండును. ఈ యభిప్రాయము సరికాదని మా పాఠకులకు మనవి చేయుట యీ వ్యాసము నుద్దేశము.

బిజినెస్ జెట్టనగా ఆరుగురు మొదలు పదునైదుగురి వరకు కూర్చుండదగిన చిన్న జెట్టువిమానము. పేరు వ్యాపారముదే గాని, అందు ప్రయాణించువారు వ్యాపారులు మాత్రమే కారు. ఆపన్నులైన రోగులను దూరపు వైద్యశాలలకు చేర్చునవి యివే. ఎన్నికల దినములలో నాయకుల నొక్క పగటిలో నాలుగు సభలకు మోయునవి యివియు, హెలికాప్టరులును. ప్రభుత్వములు మంత్రుల ప్రయాణముల కొరకు అద్దెకు దెచ్చుకొనునవియు నివే. వెల చెల్లించువారు మనము. అందు కూర్చుండువారు మన యోట్లతో గెలిచినవారు. ప్రమాదము జరిగినచో దుఃఖించువారము మనమే. కావున ఆ విమానమున చోదకుని యెదుట నెట్టి పరికరములున్నవో యడుగుటకు మనకు హక్కు గలదు.

హాకర్, బీచ్‌జెట్, సైటేషన్, లియర్‌జెట్, ఫాల్కన్ మున్నగు జాతుల విమానములలో ఇరువది ముప్పది యేండ్ల క్రిందట నిర్మింపబడినవి ప్రపంచమున నేటికిని ఎగురుచున్నవి. ఈ వయస్సు వినినంతనే భయపడ నక్కరలేదు. ప్రయాణికుల పెద్ద విమానము సంవత్సరమునకు మూడువేల గంటల వరకు ఎగురుచుండగా, ఈ చిన్న జెట్టులు సామాన్యముగ కొన్ని వందల గంటలు మాత్రమే యెగురును. వాని యొడలిని నియమిత కాలమునకు విప్పి, పగులును, త్రుప్పును వెదకుదురు. ఇంజనులను గంటల లెక్కను బట్టి విడదీసి బాగుచేయుదురు. ఇట్లు ఒడలును, గుండెయు చక్కగా నుండగా, ముందుగా ముసలివగునవి కన్నులు. అనగా చోదకుని గదిలోని పరికరములు.

ఆ పాత పలక నొకసారి పరిశీలింతము. విమానము వంపును, దిక్కును తెలుపుటకు అందు బొంగరము వలె గిరగిర తిరుగు చక్రములు గల యంత్రము లుండెడివి. అవి అరుగును, వేడెక్కును, తుదకు తప్పు చెప్పును. తరువాతి కాలపు జెట్టులలో ముల్లుల గడియారములకు బదులు తెరలు వచ్చినవి. కాని యవియు మన యిండ్లలోని పాత టెలివిజనుల వంటి పిక్చరు ట్యూబులే. అట్టి ట్యూబు చెడినచో నేడు మన పట్టణమున టెలివిజను బాగుచేయువాడే దానిని దొరకించుకొనలేడు. ఇక విమానమునకు తగిన ట్యూబు లభించుట యెంత కష్టమో వేరుగ చెప్ప నేల? మరియొక విమానమునుండి విప్పినదాని కొరకు దేశదేశములు గాలింపవలసివచ్చును. ఈలోపల విమానము కొట్టమున కట్టువడియుండును. లేదా యజమాని తొందరచే అరకొరగ బాగుపడి గాలికెక్కును. ఈ రెండవది మిక్కిలి యపాయకరము.

క్రొత్తగా మార్చునప్పుడు పలకనంతయు విప్పివేసి, పలుచని తెరలు రెండు మూడు బిగింతురు. తిరుగు చక్రములకు మారుగ కదలిక లేని సూక్ష్మయంత్రములు వంపును, దిక్కును కొలుచును. బరువైన తీగల మోపులు పెక్కు తొలగిపోవును. ఉపగ్రహముల సంకేతములతో విమాన మెచ్చట నున్నదో తెరపై పటముతో కూడ కనబడును. ఎదుట కొండ యున్నచో నది ఎఱ్ఱగా కానవచ్చి, పైకెత్తుమని గొంతుతో హెచ్చరించును. చెంతనున్న మరియొక విమానముతో ఢీకొను నపాయ మున్నచో, పైకి పోవలెనో క్రిందికి దిగవలెనో యంత్రమే చెప్పును. 1996 నవంబరు 12వ తేదీన హర్యానాలోని చర్ఖీ దాద్రీ పైని రెండు విమానము లాకాశముననే ఢీకొని 349 మంది మరణించిన పిదపనే యీ తుదియంత్రము మన దేశమున నిర్బంధమైనది. అన్ని ప్రాణములు వెలగా చెల్లించి కొన్న పాఠమది.

మరియొక విశేషము. మన పంచాంగము ఏటికొకసారి మారును. విమానమార్గముల పంచాంగము 28 దినములకొకసారి ప్రపంచమంతట నొక్కమారే మారును. క్రొత్త పరికరమునందు దీనిని కొలది నిమిషములలో నెక్కింపవచ్చును. పాత పరికరము లనేకము ఈ గ్రంథభారమును మోయజాలవు. వాని జ్ఞాపకశక్తి చిన్నది. పోయిన యేటి పంచాంగముతో ముహూర్తము పెట్టు పురోహితుని మనము నమ్మము. పాత మార్గపటముతో ఎగురు చోదకుని మాత్ర మేల నమ్మవలెను?

ఇది మిర్యాలగూడ వాసులకు తెలియని విద్య కాదు. అచ్చటి బియ్యపుమిల్లుల యజమానులలో పెక్కుమంది పాత కొట్టమును, పాత ఎలివేటరులను పడగొట్టక, కెమెరాలతో గింజగింజను పరికించి నల్లగింజను గాలితో చిమ్మివేయు సార్టెక్సు యంత్రమును దెచ్చి నడుమ నిలిపిరి. మిల్లు పాతదే, చూపు మాత్రము క్రొత్తది. దాని వలన లాభమేమో వారికి బియ్యము ధరయే చెప్పినది. మిల్లులో చూపు తప్పినచో బస్తాకు వెల తగ్గును. విమానములో చూపు తప్పినచో పోవునదేమో మన తెలుగునాడు రెండుమారులు చవిచూచినది.

2002 మార్చి 3వ తేదీన లోకసభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగిగారు భీమవరమునుండి హైదరాబాదునకు బయలుదేరిన హెలికాప్టరు, అప్పటి కృష్ణాజిల్లాలోని కైకలూరు ప్రాంతమున చూపు సరిగా ఆనని వాతావరణములో నొక చేపల చెరువున కూలి, ఆయన మరణించిరి. మేము మొదట చెప్పిన గీత యిదియే. ఆ ప్రయాణము సవ్యముగ సాగియున్నచో అది మన పట్టణముల మీదుగనే పోయియుండును. 2009 సెప్టెంబరు 2వ తేదీన ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డిగారు బేగంపేటనుండి చిత్తూరుజిల్లాకు పోవుచుండగా ప్రభుత్వ హెలికాప్టరు నల్లమలలోని పావురాలగుట్టపై కూలి, ఆయనతో కూడ ఐదుగురు మరణించిరి. శకలములు మరునాటి యుదయమున గాని కానరాలేదు. గేరుబాక్సు నూనె ఒత్తిడిని గూర్చిన హెచ్చరిక కనబడగా, చోదకులు తరువాతి కర్తవ్యమును పుస్తకపు పుటలలో వెదకుచుండగనే హెలికాప్టరు తుపాను మేఘములో చొరబడినదని దర్యాప్తు సంఘము తేల్చినది.

ఇవి జెట్టులు కావు, హెలికాప్టరులు. క్రొత్త పలక యున్నచో ఆ మహనీయులు తప్పక బ్రదికియుందురని మేము చెప్పుటలేదు. అట్లు చెప్పుట శాస్త్రము కాదు. కాని చోదకుని యెదుటి పలక విషయమున జెట్టుకును హెలికాప్టరుకును ధర్మ మొక్కటే. నేటి తెరలలో హెచ్చరిక వెలిగినంతనే, దానికి చేయవలసిన క్రియల పట్టిక ఆ తెరపైననే వచ్చునట్లు ఏర్పాటు చేయవచ్చును. పుటలు త్రిప్పు పని తప్పును. ముందున్న మేఘమెంత దట్టమైనదో రాడారు చిత్రము పటముపైననే కానవచ్చును. ఒకవేళ విమానము కూలినను, ఆపదసంకేత మిచ్చు యంత్రము ఉపగ్రహమునకు మొరపెట్టుకొనును. ఈ యంత్రములలో పాతవి 121.5 మెగాహెర్ట్జుపై కూయునవి. 2009 ఫిబ్రవరి 1వ తేదీనుండి ఉపగ్రహములు ఆ కూతను వినుట మానివేసినవి. 406 మెగాహెర్ట్జుపై పిలిచినదానినే యాలకించుచున్నవి. పాత యంత్రమునే మోసికొనిపోవు విమానము, చెవిటివాని ముందు శంఖమూదినట్లు మొరపెట్టును.

ఇక మా ముఖ్యవిషయమునకు వత్తుము. భారత అంతరిక్ష పరిశోధన సంస్థయు, విమానాశ్రయ ప్రాధికార సంస్థయు గలసి 774 కోట్ల రూపాయల ప్రజాధనముతో గగన్ అను పేర నొక దారిదీపమును వెలిగించినవి. దేశమున 15 నేలకేంద్రములు ఉపగ్రహసంకేతములలోని దోషమును నిరంతరము కొలుచుచుండును. సవరణ లెక్క మన జీశాట్ ఉపగ్రహముల ద్వారా విమానములకు మరల పంపబడును. దీనిచే విమానము, నేలపై ఖరీదైన దిగుడు యంత్రము లేని చిన్న విమానరంగమునకు కూడ, అనుకూలమైనచోట సుమారు 250 అడుగుల యెత్తువరకు నిర్దిష్టమైన వాలుదారిని గైకొని దిగిరావచ్చును. 2015 ఏప్రిలులో నీ సేవకు ధ్రువీకరణము లభించినది. 2022 ఏప్రిలులో ఇండిగో సంస్థ ఏ.టి.ఆర్. విమానము రాజస్థానములోని కిషన్‌గఢ్‌లో గగన్ సాయముతో దిగి, ఈ విద్య మనకు స్వాధీనమైనదని చూపినది.

చిన్న విమానరంగములకే దీనివలన పెద్ద మేలు. వరంగల్లు మామునూరున విమానాశ్రయమునకు 2025లో కేంద్రప్రభుత్వ మనుమతి వచ్చినది. సాగరతీరపు విమానరంగము వంటివి మరికొన్ని గలవు. ఢిల్లీకి, బొంబాయికి ఉన్నట్టి యంత్రసంపద వీనికి శీఘ్రముగ రాదు. కాని గగన్ వెలుగు రైతు పొలముపైని ఎండ వలె వీనిపై నిప్పటికే పడుచున్నది. ఆ వెలుగును జూచు కన్ను విమానమున కుండవలెను. ఆ కన్ను 2021 జులై 1వ తేదీ తరువాత మన దేశమున నమోదగు విమానములకు తప్పనిసరియని పౌరవిమానయాన శాఖాధిపతులు నిర్దేశించిరి. అంతకు పూర్వము నమోదైనవాని నీ కట్టడి తాకలేదు. అనగా మన ధనముతో వెలిగించిన దీపమును, మన యాకాశముననే తిరుగు పాత జెట్టులు చూడజాలవు. చూడవలెనను నిర్బంధమును వానికి లేదు. ఇంతకంటె విపరీత మేమున్నది? ఇంట కరెంటు పెట్టించి, గుడ్డిదీపము క్రింద లెక్కలు వ్రాసికొను గుమాస్తాను జూచి నవ్వుదుము. ఇచ్చట నవ్వదగిన దేమియు లేదు.

ఇందు కాక్షేపములు లేకపోలేదు. పలక మార్చుటకు కోట్ల రూపాయలు కావలెననియు, పాత విమానమున కంత వెల పెట్టుట దండుగయనియు యజమానులందురు. నిజమే, వ్యయము గొప్పది. కాని క్రొత్త జెట్టు వెలలో నిది కొంత భాగము మాత్రమే. నియమితకాలపు పెద్ద పరీక్షకై విమానము లోపలి యాసనములను, పలకలను ఎట్లును విప్పుదురు గనుక, ఆ సమయముననే యీ పనియు చేసినచో కూలియు, కాలమును గలిసివచ్చును. యజమానుల కైదారేండ్ల గడువిచ్చి, ఆ లోపల వచ్చు పెద్ద పరీక్షతో నీ మార్పును ముడిపెట్టినచో భారము మోయరానిది కాదు. 2024 జులై 15వ తేదీనుండి విమానభాగముల దిగుమతిపై పన్ను 5 శాతమునకు సమానము చేయబడినది. ఆ విధముగ ప్రభుత్వము తన చేయి యిప్పటికే కొంత యందించినది.

ఉపగ్రహసంకేతములను నమ్మరాదు, వానిని కపటసంకేతములతో మోసగించుచున్నారు గదా యనునది రెండవ యాక్షేపము. ఇదియు నిజమే. 2023 నవంబరులో శాఖాధిపతు లీ యపాయమును గూర్చి సర్క్యులరు జారీచేసిరి. 2025 నవంబరులో ఢిల్లీ విమానాశ్రయ పరిసరముననే యట్టి మోసము జరిగినట్లు ప్రభుత్వము పార్లమెంటులో నొప్పుకొన్నది. దీనికి మందు పాత పలక నట్లే యుంచుట కాదు. క్రొత్త పలకతో బాటు నేలదీపస్తంభముల వంటి పాత రేడియో కేంద్రములను, దిక్సూచిని, విడి ఎత్తుమానమును కాపాడుకొనుటయే. రెండు కన్ను లున్నవాడు చేతికఱ్ఱను పారవేయ నక్కరలేదు.

మూడవ మాట మేమే చెప్పుదుము. కన్ను మార్చినంత మాత్రమున ఒడలికి యౌవనము రాదు. మన వాయుసేన మిగ్-21 విమానములకు క్రొత్త రాడారును, క్రొత్త తెరలను బిగించి బైసన్ అను పేర మరల నిలిపినది. కోదాడనుండి 1999, 2004 సంవత్సరములలో శాసనసభకు ఎన్నికైన ఉత్తమ్ కుమార్ రెడ్డిగారు రాజకీయములలోనికి రాకపూర్వము మిగ్ విమానములు నడపినవారే గనుక, ఆ పేరు మనకు క్రొత్త కాదు. బైసన్ మార్పు ఆ విమానమునకు మరి రెండు దశాబ్దముల యాయువు నిచ్చినది; అయినను 2025 సెప్టెంబరు 26వ తేదీన దానిని సాగనంపక తప్పలేదు. పలక క్రొత్తదైనను చోదకునికి దానిపై తగిన శిక్షణ లేనిచో మేలుకు బదులు కీడే కలుగును. ముల్లులకు అలవాటుపడిన చూపు తెరపై నంకెల నడుమ తడబడును. కావున యజమాని తెరలకు వెచ్చించు ధనములో కొంత చోదకుల శిక్షణకు విధిగా కేటాయింపవలెను.

పెద్ద జెట్టులను గూర్చి మాటలాడుచు శిక్షణ విమానములను మరచుట న్యాయము కాదు. 2022 ఫిబ్రవరి 26వ తేదీన నల్లగొండజిల్లా పెద్దవూర మండలములోని తుంగతుర్తి గ్రామ పొలములలో సెస్నా-152 శిక్షణ విమానము కూలి, దానిని ఒంటరిగా నడుపుచున్న శిష్యురాలు మరణించినది. కారణమును గూర్చి మేము తీర్పు చెప్పము. ఒక్కటి మాత్రము స్పష్టము: ఆ జాతి విమానముల నిర్మాణము 1985లోనే నిలిచిపోయినది. రేపటి చోదకులు, తాము రేపు నడుపబోవు తెరలను జూడక నలువదేండ్ల నాటి గడియారముల ముందు విద్యాభ్యాసము చేయుట ఎంతవరకు సబబో విమానవిద్యాలయముల వారును, ప్రభుత్వమును ఆలోచింతురు గాక.

ఇక నీ పని యెవరి చేతులతో జరుగవలెను? పలక మార్పునకు ప్రతి విమానజాతికిని ఆమోదము పొందిన నకలుపటము కావలెను. దీనిని సప్లిమెంటల్ టైప్ సర్టిఫికేట్ అందురు. వీనిలో నధికభాగము అమెరికా, ఐరోపా సంస్థల చేతులలో నున్నవి. మన యజమాని పటమునకు వెల చెల్లించును, పరికరమునకు వెల చెల్లించును, ఒక్కొక్కప్పుడు విమానమునే సముద్రము దాటించి కూలియు చెల్లించును. మన బాలురు హైదరాబాదులోని విదేశసంస్థల కార్యాలయములలో గూర్చుండి అట్టి పరికరములకే లెక్కలు వ్రాయుచున్నారు. నెలజీతము వారిది, సొత్తు పరులది. పూర్వము ముడిప్రత్తి పంపి బట్ట కొనిన కథకును దీనికిని భేద మెంత?

మనకు శక్తి లేదందురా? 1945లో నిజాము ప్రభుత్వమును, టాటాలును గలసి స్థాపించిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేటనుండి డకోటా విమానములను నడపినది. 1953 జాతీయీకరణము వరకు దానికి సొంత ఉనికి యుండెను. 1965లో హిందూస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ బాలానగరున విమాన ఎలక్ట్రానిక్ పరికరముల కర్మాగారమును నెలకొల్పినది. ఆ సంస్థయే కాన్పూరున నిర్మించిన డార్నియర్-228 విమానము తెరల పలకతో 2022 ఏప్రిలు 12వ తేదీన అలయన్స్ ఎయిర్ ప్రయాణికులను దిబ్రూగఢ్ నుండి పాసీఘాటునకు మోసినది. నౌకాదళపు 25 పాత డార్నియరుల నవీకరణమునకు 2024 మార్చిలో 2,890 కోట్ల రూపాయల ఒప్పందమును ఆ సంస్థకే యిచ్చిరి. 2025 నవంబరు 26వ తేదీన శంషాబాదున సాఫ్రాన్ వారి ఇంజనుల మరమ్మతు కర్మాగారము ప్రారంభమైనది. ఇంజను బాగుచేయు పని మన యింటికి వచ్చినప్పుడు, కన్ను బాగుచేయు పని యేల రారాదు? సైన్యపు పాత విమానమునకు మనము పలక మార్చగలిగినప్పుడు, పౌరుల పాత విమానమునకు మార్చుట కడ్డమేమి?

కావున మేము కోరున దేమనగా: మొదటిది, ప్రజాధనముతో అద్దెకు దెచ్చు ప్రతి విమానమునకును, హెలికాప్టరుకును నేలహెచ్చరిక యంత్రము, 406 మెగాహెర్ట్జుల యాపదసంకేతము, గగన్ గ్రాహకము ఉండవలెనని తెలుగు ప్రభుత్వములు రెండును తమ ఒప్పందములలో వ్రాయవలెను, దీనికి ఢిల్లీ యనుమతి యక్కరలేదు. రెండవది, 2021 జులై 1వ తేదీకి పూర్వము నమోదైన విమానములకును గడువు విధించి గగన్ నిబంధనను వర్తింపజేయవలెను. 2024 జూనులో పౌరవిమానయాన మంత్రిపదవిని స్వీకరించిన కింజరాపు రామమోహననాయుడుగారు తెలుగువారు. రెండు విషాదములును తెలుగునేలపైన జరిగినవే గనుక ఆయనకు వేరుగ వివరింప నక్కరలేదు. మూడవది, పలక మార్పు నకలుపటములను స్వదేశమున తయారుచేయు సంస్థలకు ఆమోదము త్వరగ లభించు మార్గ మేర్పరుపవలెను.

యువకులతో నొక మాట. కోదాడ, సూర్యాపేట కళాశాలలలో ఎలక్ట్రానిక్సు చదువు వారికి విమానమనగానే చోదకుడు మాత్రమే జ్ఞప్తికి వచ్చును. విమాన మరమ్మతు ఇంజనీరులకు శాఖాధిపతు లిచ్చు లైసెన్సులలో బి-2 అనునది ప్రత్యేకముగ నీ పరికరములకు సంబంధించినది. ఆ సంతకము లేనిదే పలక మార్చిన విమానము నేల విడువదు. మన జిల్లాలనుండి అట్టి సంతకము చేయు చేతులు పది బయలుదేరినను మేము సంతసింతుము.

ఎన్నికలు వచ్చును. మన పాఠశాలల మైదానములలో సున్నముతో వృత్తములు గీయుదురు, ధూళి రేపుచు హెలికాప్టరులు దిగును, జనము మూగును. ఆ దినమున నాయకునికి పూలదండ వేయుటకు ముందు, అయ్యా, తమరు వచ్చిన యంత్రమున ఏ కన్ను లున్నవని మర్యాదగ నడుగు పౌరుడొకడు ప్రతి పట్టణమున లేవవలెను. ఆ ప్రశ్న ఆయన ప్రాణమునకే మేలు చేయును. మన పొలములపై, మన యిండ్లపై ఎగురు ప్రతివారి ప్రాణమునకును మేలు చేయును.